నాలుగు వందల వేసవులు, ఒక్క ఊరూ లేదు: న్యూఫౌండ్‌లాండ్ రేవులో ఫ్రెంచి జాలరుల ఆనవాళ్లు

కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవిని పటంలో చూస్తే, ఉత్తరానికి చాచిన వేలులా ఒక ద్వీపకల్పం కనిపిస్తుంది. దాని తూర్పు అంచుని ఫ్రెంచి జాలరులు 'పెతీ నార్' అనేవారు, అంటే చిన్న ఉత్తరం. అక్కడ కాంష్ అనే పల్లె పక్కన కాప్ రూజ్ రేవు ఉంది. 16వ శతాబ్దం మొదట్లో మొదలై 1904 దాకా, యుద్ధాలు అడ్డుపడ్డ ఏళ్లు పోగా, వేసవి వచ్చిందంటే ఫ్రాన్సు ఓడలు ఈ తీరానికి వచ్చేవి. అయినా ఇవాళ అక్కడ దిగిన మనిషికి ఫ్రెంచివాళ్ల ఇల్లు కనిపించదు, కోట కనిపించదు, చర్చి కనిపించదు. గడ్డి, పొదలు, అక్కడక్కడ ఎవరో పరిచినట్టున్న గుండ్రాళ్లు, అంతే.

ఉత్తర కాడ్ చేపల వాణిజ్య వేటమీద 1992 జూలైలో పెట్టిన నిషేధాన్ని కెనడా 2024 జూన్‌లో ఎత్తేయడంతో ఆ తీరం పేరు మళ్లీ వార్తల్లో వినిపించింది. దాని చరిత్ర చదివేవాళ్లకు మొదట వచ్చే సందేహాలు రెండు. అన్నేళ్లు వచ్చినవాళ్లు ఊరెందుకు కట్టుకోలేదు? ఊరే కట్టనివాళ్లు అక్కడ బతికారని మట్టి తవ్వి ఎలా తేలుస్తారు? రెండింటికీ జవాబు చేపను ఎండబెట్టే పనిలోనే ఉంది. ఆ పని తెలియకపోతే అక్కడి నేల ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

## పచ్చి చేప, ఎండు చేప

కాడ్ చేప మన సముద్రంలో దొరకదు. మనకు తెలిసినదల్లా దాని కాలేయం నూనె, కాడ్ లివర్ ఆయిల్ గుళికలుగా. ఐరోపాకి మాత్రం అది వందల ఏళ్లపాటు ఉపవాస దినాల ఆహారం. కాథలిక్కులు మాంసం మానేసే రోజులు ఏడాదిలో చాలా ఉండేవి.

ఫ్రెంచివాళ్లు ఈ చేపను రెండు రకాలుగా పట్టేవారు. మొదటి రకంలో ఓడ నడిసముద్రంలోని గ్రాండ్ బ్యాంక్ అనే మెరకమీదే ఉండిపోయి, పట్టిన చేపను అక్కడే చీల్చి, ఉప్పులో వేసి, తడిగానే ఇంటికి తీసుకుపోయేది. దీన్ని 'పచ్చి కాడ్' అనేవారు. ఒడ్డు ముట్టనక్కర్లేదు కాబట్టి నేలమీద దీని జాడ ఉండదు. రెండోది ఎండు కాడ్. ఓడ రేవులో లంగరేసి వేసవంతా నిలబడేది. మనుషులు చిన్న పడవల్లో వేటకు వెళ్లి, చేపను ఒడ్డుకు తెచ్చి, తేలికగా ఉప్పేసి, గాలికీ ఎండకీ ఆరబెట్టేవారు. బాగా ఎండిన చేప పచ్చి చేప బరువులో సుమారు అయిదో వంతు ఉంటుంది, స్పెయిన్, ఇటలీ వేడిలోనూ నెలల తరబడి నిలవుంటుంది. పురావస్తు ఆనవాళ్లన్నీ ఈ రెండో రకానివే.

శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కి వలస వేటకు వెళ్లి సీజను అయ్యాక తిరిగి రావడం తెలిసినవాళ్లకు ఈ పద్ధతి వింతగా అనిపించదు. పెతీ నార్‌కి వచ్చినవాళ్లు ఎక్కువగా బ్రెటన్లు, అంటే ఫ్రాన్సు వాయవ్య కొసన ఉన్న బ్రిటనీ ప్రాంతంవాళ్లు, ముఖ్యంగా సాన్ మాలో ఓడరేవు చుట్టుపక్కలవాళ్లు. మూడున్నర వేల కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి, ఉప్పు, మేకులు, తిండి, వడ్రంగి పనిముట్లు అన్నీ వెంట తెచ్చుకునేవారు. అవతల ఒడ్డున వాళ్ల కోసం ఎదురుచూసే అంగడి ఏదీ లేదు.

## మంచె, కళ్లం, పాక: ఒక్కో పని వదిలే గుర్తు

మంచు కరిగి రేవు తెరుచుకోగానే ఓడ చేరేది. దిగగానే మొదటి పని 'షోఫో' నిలబెట్టడం. మన పొలంలో మంచె ఎలాంటిదో షోఫో అలాంటిదే, కాకపోతే ఒడ్డునుంచి నీళ్లలోకి చాచి కడతారు. దుంగలు పాతి, పైన చెక్కలు పరిచి, ఓడ తెరచాపలతో కప్పుతారు. వేటపడవ నేరుగా దాని కొసకు వచ్చి చేపను పైకి విసురుతుంది. పడవకు సాధారణంగా ముగ్గురు మనుషులు. చేతిగాలమే పనిముట్టు.

షోఫో మీద బల్లకు అటూ ఇటూ పని. ఒకడు గొంతు కోసి, పొట్ట చీరి, కాలేయాన్ని పక్క తొట్టిలోకి తోసి, తలను బల్ల అంచుకేసి విరుస్తాడు. పక్కవాడు చీల్చేవాడు, జట్టులో అందరికన్నా నైపుణ్యం కావలసినది ఇతనికే. వంపు కత్తితో చేపను తోక దాకా తెరిచి, వెన్నెముకలో ముందు భాగాన్ని ఒక్క లాగుతో తీసేయాలి. కత్తి లోతుగా దిగితే కండ చిరిగి చేప ధర పడిపోతుంది. పైపైన పోతే ఎముక దగ్గర నెత్తురు మిగిలి అక్కడినుంచే కుళ్లు మొదలవుతుంది. మూడోవాడు ఉప్పేసేవాడు. ఉప్పు తక్కువైతే చేప చెడుతుంది, ఎక్కువైతే కండ కాలినట్టు పెళుసెక్కి పొడిపొడి అవుతుంది. తలలు, పేగులు, వెన్నుముక్కలు చెక్కల సందుల్లోంచి కింది నీళ్లలోకి పోతాయి.

ఉప్పులో కొన్ని రోజులు ఉంచాక కడిగి, నీరోడ్చి, 'గ్రావ్' మీదకు చేరుస్తారు. గ్రావ్ అంటే చేపలు ఆరేసే రాళ్ల కళ్లం. పిడికిలికి కాస్త అటూ ఇటూ ఉండే నున్నటి గుండ్రాళ్లను ఒక పొరగా పరుస్తారు. ఇసుకమీద వేస్తే రేణువులు కండకు అంటుకుంటాయి, మట్టిమీద వేస్తే అడుగు చెమ్మ పట్టి కుళ్లుతుంది. రాళ్లమీదైతే కిందినుంచి గాలి ఆడుతుంది. పగలు కండ పైకి, రాత్రికి తోలు పైకి తిప్పాలి. ఎండ మరీ ఎక్కువైనా నష్టమే, వేడెక్కిన రాయిమీద కండ ఉడికిపోతుంది. ఒక్కో ఆరబోతనూ వాళ్లు 'ఒక సూర్యుడు' అని లెక్కపెట్టేవారు. మధ్యలో కుప్పవేసి, చెమట పట్టించి, మళ్లీ ఆరేసి, అలా చాలా సూర్యుళ్లు గడిస్తే గాని చేప ఓడ ఎక్కదు.

ఇప్పుడు దీన్నంతటినీ మట్టిలోకి మార్చి చూద్దాం. షోఫో అలల్లో, మంచులో విరిగి కొట్టుకుపోతుంది, దాని గుర్తుగా నీటి అంచున మేకులు మిగులుతాయి. కాలేయం తొట్టి కింద నేల నల్లగా, జిడ్డుగా మారవచ్చు. వంటపాకలో నిప్పుకు పగిలిన రాళ్లు, బొగ్గు, పెంకులు పేరుకుంటాయి. అన్నిటికన్నా నిలిచేది కళ్లం. ఇక్కడే మొదటి చిక్కు. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో అలలు చేసిన గుండ్రాళ్ల దిబ్బలు సహజంగానే బోలెడు. మనుషులు పరిచినదని చెప్పాలంటే కొన్ని లక్షణాలు కలిసి రావాలి. రాళ్లు దాదాపు ఒకే పరిమాణంలో ఉండాలి, మందం ఒకటి రెండు రాళ్లకు మించకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ రాళ్ల కింద బొగ్గో పెంకో ఉన్న పాత నేల కనబడాలి. సముద్రం తెచ్చిన దిబ్బ కింద వంటబొగ్గు ఉండటం అరుదు.

## ఎముకలు చెప్పే లెక్క

ఒక కాడ్ చేపకు వెన్నుపూసలు సుమారు 52. చీల్చినప్పుడు ముందువైపు ముప్పై దాకా పోతాయి, తోకవైపువి చేపతోనే ఉంటాయి. మొప్పల వెనక కొడవలిలా వంగిన భుజపు ఎముక కూడా చేపతోనే పోతుంది, కండను పట్టి ఉంచేది అదే. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు, కుప్పను చదవొచ్చు.

ఒక గుంటలో తల ఎముకలు, ముందరి పూసలు మాత్రమే ఉంటే అది పని చెత్త. తోకపూసలు, భుజపు ఎముకలు మాత్రమే ఉంటే అక్కడెవరో తయారైన ఎండుచేప తిన్నారు. ఇవన్నీ తగిన పాళ్లలో ఉంటే వేటకు వచ్చినవాళ్లు తాజా చేపను అలాగే వండుకున్నారు. మూడోరకం కుప్ప వంటపాక పక్కన దొరికితే ఆశ్చర్యం లేదు, తలల పులుసు జాలరులకు ఎక్కడైనా ఇష్టమే.

ఈ లెక్కకు శత్రువు ఆ నేల ఆమ్లగుణం. ఎముకను తినేస్తుంది. బూడిద కలిసినచోట, నీరు నిలిచినచోట మాత్రమే బాగా మిగులుతాయి. 'ఎముకలు లేవు కాబట్టి చేపపని జరగలేదు' అని తేల్చడం అందుకే తప్పు.

## ఆవకాయ జాడీ, మట్టికుండ

కాప్ రూజ్ రేవులో ఫ్రెంచివాళ్లు 'షాం పయా' అని పిలిచిన పనిస్థలాన్ని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ పోప్ బృందం ఈ శతాబ్దం మొదటి దశకంనుంచి తవ్వింది. ఆ చోటు ఇప్పటి పేరు దో ద షెవాల్, అంటే గుర్రం వీపు. పురావస్తు పటంలో దాని గుర్తు ఈఎఫ్‌ఏఎక్స్-09. కెనడా అంతటినీ అక్షాంశ రేఖాంశాల గళ్లుగా కోసి, గడికి నాలుగు అక్షరాలు, గడిలోని స్థలానికి వరస సంఖ్య ఇస్తారు. ఆ నాలుగు అక్షరాల్లో ఈ రేవు సుమారు 51వ అక్షాంశానికి కాస్త కింద, 56వ పశ్చిమ రేఖాంశానికి కాస్త తూర్పున ఉందన్న సమాచారం ఇమిడి ఉంది.

ఇలాంటి స్థలాల్లో ఎక్కువగా చేతికొచ్చేవి కుండ పెంకులు. వాటిలో నార్మండీ స్టోన్‌వేర్ అనే రకాన్ని గుర్తుపట్టడం తేలిక. మన ఆవకాయ జాడీ ఎందుకు జాడీయే, మట్టికుండ ఎందుకు కాదు? మట్టికుండ గోడ చెమరుస్తుంది, నూనెనూ ఉప్పునూ పీల్చుకుంటుంది. జాడీని పన్నెండు వందల డిగ్రీలకు అటూ ఇటూ కాలుస్తారు, మట్టి గాజులా కరిగి బిగుసుకుంటుంది, ఏదీ ఇంకదు. వెన్న, కొవ్వు లాంటి సరుకును నెలల తరబడి ఓడలో మోయాల్సిన బ్రెటన్ నావికుడికీ అదే అవసరం. పొరుగున నార్మండీలో అలాంటి పాత్రలు చవకగా తయారయ్యేవి. పెంకు విరిగిన అంచు ముదురు గోధుమ, బూడిద, ఊదా రంగుల్లో గట్టిగా, మెరుస్తూ ఉంటుంది, గోరుతో గీస్తే రాలదు. దానిపక్కన మెత్తని బ్రెటన్ మట్టిపాత్రల పెంకులు కూడా దొరికితే ఓడ ఏ తీరంనుంచి వచ్చిందో ఊహించవచ్చు.

ఊహించవచ్చనే అంటున్నాం, ఎందుకంటే పాత్ర ప్రయాణిస్తుంది. నార్మండీ జాడీ ఇంగ్లిష్ వాళ్ల స్థలంలోనూ దొరుకుతుంది. ఒక్క పెంకుతో జాతి తేలదు, పెంకుల పాళ్లు చూడాలి.

ఇదే పద్ధతిలో మరో సందేహం తీరుతుంది. ఇరుగుపొరుగు తీరాల్లో బాస్క్‌లు, అంటే స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దు ప్రాంతంవాళ్లు కూడా పనిచేశారు. లాబ్రడార్‌లోని రెడ్ బే దగ్గర 16వ శతాబ్దపు బాస్క్ తిమింగిల వేటగాళ్ల స్థావరం ప్రసిద్ధం. వాళ్లు కప్పుకు ఎర్ర పెంకులు స్వదేశంనుంచి తెచ్చుకునేవారు. బ్రెటన్లు తెరచాపలతోనూ పచ్చికపెళ్లలతోనూ సరిపెట్టుకునేవారు. గంపల కొద్దీ ఎర్ర కప్పుపెంకులు తేలితే అక్కడ బాస్క్‌ల గురించి ఆలోచించాల్సిందే.

## చుట్టగొట్టంతో తేదీ కట్టడం

అయితే ఏ పొర ఏ కాలానిది? బొగ్గులో మిగిలిన కార్బన్-14ను కొలిచి వయసు కట్టే రేడియోకార్బన్ పరీక్ష చేయిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సుమారు 1650 తర్వాతి మూడు వందల ఏళ్లకు ఆ పద్ధతి సరిగా పనికిరాదు. గాలిలో కార్బన్-14 పాళ్లు ఆ కాలంలో పైకీ కిందికీ ఊగడంవల్ల ఒకే కొలత రెండు మూడు వేర్వేరు కాలాలకు సరిపోతుంది.

అందుకే తెల్లమట్టి పొగాకు గొట్టాలు అక్కరకొస్తాయి. అవి చవక, ఇట్టే విరుగుతాయి, విరిగినవాటిని అక్కడే పారేస్తారు. ఇంగ్లండులో గొట్టాలు చేసేవారు కాలం గడిచేకొద్దీ రంధ్రాన్ని సన్నగా చేస్తూ వచ్చారు. 1620–1650 మధ్య గొట్టాల్లో ఎక్కువగా కనిపించే రంధ్రం 8/64 అంగుళం, 1710–1750 మధ్య 5/64, 1750 తర్వాత 4/64. దీన్ని 1954లో పురావస్తు శాస్త్రవేత్త హారింగ్టన్ పట్టికగా వేశారు. మరో పురావస్తు శాస్త్రవేత్త లూయిస్ బిన్‌ఫర్డ్ దాన్ని సూత్రంగా మార్చారు: 1931.85లోంచి, సగటు రంధ్రాన్ని (64వ వంతు అంగుళాల్లో) 38.26తో గుణించి తీసేస్తే వచ్చేది మధ్యస్థ సంవత్సరం. కొలవడానికి డ్రిల్ బిట్ల పెట్టె చాలు. బిట్టు వెనక కొసను రంధ్రంలో పెట్టి చూస్తారు, వదులుగా ఆడకుండా, బలవంతంగా దూరకుండా సరిపోయినదే కొలత.

ఒక లెక్క వేద్దాం, అంకెలు ఉదాహరణకే. ఒక పొరలో 40 ముక్కలు: 6/64వి 10, 5/64వి 22, 4/64వి 8. మొత్తం 60, 110, 32 కలిపి 202. నలభైతో భాగిస్తే సగటు 5.05. సూత్రంలో పెడితే 1739కి దగ్గరగా వస్తుంది. కొలతలన్నీ ఒకచోట ముద్దగా ఉన్నాయి కాబట్టి నమ్మవచ్చు.

ఇంకో పొర. 20 ముక్కలు 8/64, మరో 20 ముక్కలు 4/64, మధ్యలో ఏమీ లేదు. సగటు 6. సూత్రం 1702 అంటుంది. ఈ గొట్టాల్లో సగం 17వ శతాబ్దపు మొదటి భాగానివి, సగం 18వ శతాబ్దపు రెండో భాగానివి. 1702లో ఇక్కడ మనుషులున్నారని అవి చెప్పనే లేదు. పైగా ఆ ఏడాదే ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ యుద్ధం మొదలైంది, 1707లో ఇంగ్లిష్ నౌకాధికారి అండర్‌డౌన్ ఇదే తీరంలో ఫ్రెంచి జాలరుల మీద దాడి చేశాడు. జనం వచ్చి, మానేసి, మళ్లీ వచ్చిన చోట్ల సగటు అబద్ధం చెబుతుంది. కాబట్టి ముందు ఏ కొలతవి ఎన్ని ముక్కలో గీసుకుని చూడాలి, ఆ తర్వాతే సూత్రం జోలికి పోవాలి.

ఈ పట్టిక ఇంగ్లిష్ గొట్టాలకు కట్టినది. ఫ్రెంచి స్థలంలో డచ్ గొట్టాలూ ఉంటాయి, వాటి రంధ్రం వేరే తీరులో సన్నబడింది. 19వ శతాబ్దానికి వచ్చేసరికి ఈ బాధ తగ్గుతుంది. ఫియోలె, గాంబియే లాంటి ఫ్రెంచి తయారీదార్ల పేర్లు గొట్టంమీదే అచ్చయి ఉంటాయి.

## ఊరు కట్టకూడదన్న షరతు

1713 యూట్రెక్ట్ ఒప్పందంలో న్యూఫౌండ్‌లాండ్ బ్రిటన్‌కి దక్కింది. 13వ అధికరణం ఫ్రెంచివాళ్లకు తీరంలో కొంత భాగాన చేప పట్టి ఎండబెట్టుకునే హక్కు మిగిల్చింది. కోట కట్టకూడదు, చెక్క మంచెలూ చేప ఎండబెట్టడానికి మామూలుగా కావలసిన పాకలూ తప్ప ఏ కట్టడమూ వేయకూడదు, పని అయ్యాక ఉండకూడదు. ఊరు కనిపించకపోవడానికి ఇదొక కారణం. ఇది పూర్తి కారణమని మాత్రం అనలేం, ఎందుకంటే ఒప్పందానికి ముందు రెండు వందల ఏళ్లూ పెతీ నార్‌లో ఇదే వేసవి పద్ధతి నడిచింది. బ్రెటన్ గ్రామాల్లో ఇల్లూ పొలమూ ఉన్న మనిషికి మంచుగడ్డల తీరంలో చలికాలం గడపాల్సిన పని లేదు. చట్టం అప్పటికే ఉన్న అలవాటును గీత గీసి నిలబెట్టింది.

తెలుగువారికి ఈ కథతో ఒక నిజమైన ముడి ఉంది. 1763 పారిస్ ఒప్పందం ఫ్రాన్సుకి ఈ చేపల హక్కును ఖాయం చేసింది, పక్కనున్న సాన్ పియేర్, మికెలాన్ దీవులను ఇచ్చింది. అదే ఒప్పందం 11వ అధికరణం కింద యానాం లాంటి పాత వర్తక స్థావరాలు తిరిగి ఫ్రాన్సుకి దక్కాయి, బుస్సీ కాలంలో చేతికొచ్చిన ఉత్తర సర్కారులు పోయాయి. సముద్రంలో చేప హక్కూ గోదావరి ఒడ్డు స్థావరమూ ఒకే బల్లమీద బేరమాడినవే.

1783లో హక్కున్న తీరం హద్దులు మారాయి, వాదం కూడా ముదిరింది. ఫ్రాన్సు తన హక్కు ఏకహక్కు అంది. బ్రిటన్ జనం ఫ్రెంచివాళ్లకు అడ్డం రాకూడదని బ్రిటిష్ రాజే ప్రకటించాడని ఫ్రాన్సు ఎత్తిచూపింది. న్యూఫౌండ్‌లాండ్ వాసులు మాత్రం అడ్డం రాకుండా పక్కన పట్టుకునే హక్కు తమకూ ఉందన్నారు. రెండు పక్షాలకూ కాగితంమీద ఆధారం ఉంది, అందుకే వందేళ్లకు పైగా తెగలేదు. 1880లలో లాబ్‌స్టర్ అనే పెద్ద రొయ్యలాంటి జీవిని డబ్బాల్లో నింపే కర్మాగారాలు వచ్చాక, లాబ్‌స్టర్ కూడా చేపల కిందికే వస్తుందా, డబ్బా కట్టడం ఎండబెట్టడం అవుతుందా అన్నంత వరకూ పోయింది. 1904లో బ్రిటన్, ఫ్రాన్సుల సర్దుబాటుతో ఒడ్డు హక్కు ముగిసింది.

తవ్వేవాళ్లకు ఈ వాదం ఎందుకంటే, 19వ శతాబ్దపు ఫ్రెంచి స్థావరాల్లో రొట్టెల బట్టీల శిథిలాలున్నాయి. లోపల గంటల తరబడి కట్టెలు కాల్చి, బొగ్గు లాగేసి, వేడెక్కిన అరుగుమీద రొట్టెలు కాల్చేవారు. అడుగు మట్టి ఎర్రగా ఇటుకలా బిగుసుకోవడమే దాని గుర్తు, మామూలు పొయ్యి కింద అంత సమంగా కాలదు. రాయీ మట్టీ కలిపి కట్టిన బట్టీ ఏటా ఊడదీసే పాక లాంటిది కాదు. అది షరతును మీరినట్టా? మీరినట్టేనని కొందరు చదువుతారు, తిండి వండుకునే పొయ్యి చేపపనిలో భాగమేనని ఇంకొందరు. నాకు రెండోదే నమ్మదగినదిగా తోస్తుంది. బట్టీ ఉన్నంతమాత్రాన చలికాలం ఉన్నట్టు కాదు.

దో ద షెవాల్‌లో పనిస్థలానికి ఎగువన శిలువ నిలిపిన చోటును కూడా పరిశీలించారు. ఇలాంటి శిలువల్ని బ్రెటన్లు 'కాల్వేర్' అనేవారు, వాళ్ల ఊళ్ల కూడళ్లలో ఇవి మామూలే. సముద్రంలోంచి చూసేవాళ్లకు రేవు గుర్తుగానూ పనికొచ్చేవి. ఏడాదికి కొన్ని నెలలే ఉన్నవాళ్లు ఆ చోటును తమదిగా భావించారనడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం నాకు తెలియదు.

## ఖాళీ చలికాలాలు ఎవరివి?

సెప్టెంబరు దాటాక ఓడలు వెళ్లిపోతే మంచెల్లో మేకులు మిగిలేవి. దీవి ఆదివాసులు బియోతుక్‌లు వాటిని ఏరి, సాగగొట్టి, బాణపు మొనలు చేసుకున్నారు. నోటర్ డేమ్ అఖాతంలోని బాయ్డ్స్ కోవ్ తవ్వకాల్లో అలాంటి మేకులు పెద్ద సంఖ్యలో దొరికాయి. అక్కడ తవ్విన రాల్ఫ్ పాస్టోర్ వాదన ఏమిటంటే, ఇనుము ఇలా ఊరికే దొరకడంవల్లే వాళ్లు తెల్లవాళ్లతో వ్యాపారానికి దిగలేదని. భయం, పగ అసలు కారణమని చెప్పేవాళ్లూ ఉన్నారు. మేకు ఏ కారణంతో ఏరారో మేకు చెప్పదు, కాని ఆ చేతులు అక్కడ ఉన్నాయని చెబుతుంది. బియోతుక్‌లలో చివరి మనిషిగా తెలిసిన షానాడిథిట్ 1829లో చనిపోయింది.

తర్వాతి కాలంలో ఫ్రెంచివాళ్లు తమ మంచెలకూ పడవలకూ చలికాలం కాపలా పెట్టారు. కాపలావాళ్లు ఎక్కువగా ఐరిష్, ఇంగ్లిష్ కుటుంబాలు. వాళ్లు వాడిన ఇంగ్లిష్ పింగాణీ ఫ్రెంచి పొరల్లో కలిసిపోయి తవ్వేవాళ్లను తికమక పెడుతుంది. కాంష్ పల్లెలో ఇవాళ్టికీ ఐరిష్ మూలాలవాళ్లే ఎక్కువ.

ఒక జట్టుకు చెందిన మంచె, కళ్లం, పాకలు అన్నీ కలిపిన స్థలాన్ని ఇంగ్లిష్ జాలరులు 'రూమ్' అనేవారు. ఆ రూమ్‌లను ఫ్రెంచి కెప్టెన్లు మొదట వచ్చినవాడికి మొదట అన్న లెక్కన పంచుకునేవారు. 1681 ఫ్రెంచి సముద్ర శాసనం ప్రకారం పెతీ మేత్ర్ రేవుకు ముందుగా పడవ పంపినవాడే ముందు ఎంచుకోవాలి. దాంతో సముద్రంలోనే పడవలు దించి పోటీపడి ప్రాణాలమీదకు తెచ్చుకునేవారు. 19వ శతాబ్దంలో ఆ పోటీ మాని అయిదేళ్లకోసారి చీటీలు తీశారు. న్యూఫౌండ్‌లాండ్ తవ్వకాల్లో దొరికిన వస్తువులు ప్రభుత్వ సొత్తుగా సెయింట్ జాన్స్ నగరంలోని మ్యూజియంకు చేరతాయి. కొండమీద కనిపించే ఆ భవనం పేరు 'ది రూమ్స్'.